జుట్టుకీ షాట్‌కీ ఒకే పర్సు

2024 సెప్టెంబర్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ మీద తీసిన వీడియో గేమ్ ఎన్‌బీఏ 2కే25 వచ్చిన నాలుగో రోజు మా అక్క కొడుకు నుంచి మెసేజ్. "మామయ్యా, నీ ప్లేయర్ ఎంత?" మైకెరీర్‌లో నేను తయారుచేసుకున్న ఆటగాడి రేటింగ్ ఎంతదాకా వచ్చిందని వాడి ప్రశ్న. "71" అని పంపాను. పనంతా అయ్యాక రాత్రిపూట గంటో గంటన్నరో ఆడే మనిషికి నాలుగు రోజుల్లో 71 అంటే తక్కువేం కాదని నా లెక్క. కాస్త గర్వంగానే పంపాను. వెంటనే జవాబు వచ్చింది: "ఓ, ఇంకా కొనలేదా?"

వాడి మాటలో వెటకారం లేదు. ఫోన్ చార్జింగ్ పెట్టలేదా అని అడిగినంత మామూలుగా అడిగాడు. నన్ను పట్టుకున్నది ఆ "ఇంకా". కొనడం ఎలాగూ ఉంటుంది, మామయ్య కొంచెం ఆలస్యం చేస్తున్నాడు, అంతే. వాడికి పదహారేళ్లు. ఈ ఆటలోకి వీసీ (వర్చువల్ కరెన్సీ: ఆడి సంపాదించుకునే, అసలు డబ్బుతోనూ కొనుక్కునే ఆటలోని డబ్బు) వచ్చేనాటికి వాడికి నాలుగేళ్లు. వీసీ లేని 2కే వాడు చూడనే లేదు. 70 డాలర్ల ఆటలో మళ్లీ ఒక కొట్టు ఉండటం, ఆ కొట్లో తన ఆటగాడి షూటింగ్, అంటే బంతిని బుట్టలో వేసే నేర్పు, అమ్మకానికి ఉండటం వాడికి వింతగా ఎందుకు తోస్తుంది? నాకెందుకు తోస్తోందో చెప్పబోయి తడబడ్డాను. "అది మోసంరా" అన్నాను. "ఎవర్ని మోసం చేశారు? ధర రాసే ఉంది కదా" అన్నాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబు కోసమే.

ఈ ఆట మీద తిట్లు కొత్తవేం కావు. ఏటా సెప్టెంబర్‌లో ఒక విడత వస్తాయి, అక్టోబర్‌కి చల్లారతాయి, నవంబర్‌లో తిట్టినవాళ్లే తీరిగ్గా ఆడుకుంటూ కనిపిస్తారు. నేనూ ఆ బాపతే. కానీ "దురాశ" అనే మాట దగ్గర ఆగిపోయే తిట్టు నాకెప్పుడూ సగమే అనిపిస్తుంది. కంపెనీ అన్నాక డబ్బు చూసుకుంటుంది. నాకు మింగుడుపడనిది వాళ్లు అమ్ముతున్న సరుకు, దాన్ని అమ్మడానికి కట్టిన కొట్టు తీరు.

ఒకే పర్సు

వర్చువల్ కరెన్సీ 2012లో 2కే13తో వచ్చింది. మ్యాచ్ ఆడితే కొంత వీసీ పడుతుంది, దాంతో ఏదో ఒకటి తీసుకుంటాం. వినడానికి ఇందులో తప్పేమీ లేదు. అంతకు రెండేళ్ల ముందు 2కే11లో మైఖేల్ జోర్డాన్ జీవితంలోని పది మ్యాచ్‌లను మనచేత ఆడించిన జోర్డాన్ ఛాలెంజ్ ఉండేది. అందులో జోర్డాన్ చేసిన స్కోరు మనమూ చేయాలి. చేయలేకపోతే మళ్లీ ఆడాలి. వేరే దారి లేదు, ఉండాలని ఎవరికీ తోచనూ లేదు.

ఇప్పుడు వీసీతో ఏమేం దొరుకుతాయో చూడండి. చొక్కాలు, బూట్లు, పచ్చబొట్లు, స్కేట్‌బోర్డు. డంక్ చేసే తీరు, డ్రిబుల్ చేసే తీరు. కొన్ని మ్యాచ్‌లకే పనిచేసి అయిపోయే బూస్ట్‌లు. ఆటగాళ్ల కార్డులతో జట్టు కట్టుకునే మైటీమ్ మోడ్‌లో, లోపల ఎవరున్నారో తెరిచేదాకా తెలియని కార్డుల ప్యాక్‌లు. వీటితో పాటు అదే వీసీతో త్రీ పాయింట్ షూటింగ్, బంతి మీద పట్టు, వేగం, ఎగిరే బలం. బట్టల కొట్టు, వ్యాయామశాల, లాటరీ, మూడింటికీ ఒకే గల్లాపెట్టె.

2017లో 2కే18 వచ్చినప్పుడు గొడవంతా జుట్టు మీద జరిగింది. క్షవరానికి కూడా వీసీ అడుగుతారా అని జనం నవ్వారు, తిట్టారు. కంపెనీ ఆ ధరలు తగ్గించింది. నేనూ నవ్విన వాళ్లలో ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే దొంగను వదిలేసి వాడి టోపీని పట్టుకున్నాం అనిపిస్తుంది. జుట్టుకి డబ్బు అడిగితే ఎవరికి నష్టం? నా ఆటగాడు గుండుతో దిగినా జడలతో దిగినా అవతలి జట్టుకి ఒక్క పాయింటు తేడా రాదు. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, డోటా 2 లాంటి ఆటలు కేవలం వేషాలు అమ్ముకుని కళ్లు తిరిగేంత సంపాదించాయి. ఆ పద్ధతి మీద నాకు పేచీ లేదు. ఇక్కడ చిక్కు వేరు. జుట్టుకి పెట్టే వీసీ నా షూటింగ్‌లోంచి తీసి పెట్టాలి. షూటింగ్‌కి పెడితే సెలూన్ మానుకోవాలి. సరదాకీ అవసరానికీ ఒకే పర్సు అయ్యేసరికి ఎంత సంపాదించినా ఏదో ఒకదానికి చాలదు. చాలకపోవడం కోసమే ఆ పర్సు అలా కుట్టారని నా అనుమానం. అనుమానమే, రుజువు అడక్కండి.

లెక్క ఒకసారి చూద్దాం. కొత్త ఆటగాడు 60 రేటింగ్‌తో మొదలవుతాడు. అతణ్ని ఎనభైల మధ్యకి తేవాలంటే, బిల్డ్‌ని (ఆటగాడి ఒడ్డూ పొడుగూ, నైపుణ్యాల కూర్పుని) బట్టి కొంచెం అటూ ఇటూగా, రెండు లక్షల వీసీ దాకా పడుతుంది. మ్యాచ్‌కి వచ్చేది వందల్లో, బాగా ఆడితే వెయ్యి దరిదాపుల్లో. బూట్ల కంపెనీ ఒప్పందాలనీ రోజువారీ బహుమతులనీ ఇంకొంత వస్తుంది. అవన్నీ కలుపుకున్నా వంద మ్యాచ్‌లకు తగ్గదు, నాలాంటివాడికి అంతకన్నా ఎక్కువే. కొట్లో మాత్రం రెండు లక్షల వీసీ 49.99 డాలర్లు. 75,000 అయితే 19.99. నాలుగున్నర లక్షలు 99.99. మధ్యలో లక్షకో లక్షన్నరకో సరిపోయే మూట కనబడదు. కావలసినదానికన్నా కొంచెం తక్కువదో బాగా ఎక్కువదో కొనాలి. ఎక్కువది కొంటే మిగిలిన వీసీ జేబులో కదులుతూ ఉంటుంది, దాన్ని ఖర్చుపెట్టడానికి పక్కనే చొక్కాల కొట్టు.

ఇంతా చేసి, పొడవు, బరువు, చేతుల నిడివి మొదట ఏవి ఎంచుకుంటే అవే ఖాయం. పాయింట్ గార్డ్‌గా ఆడి ఆడి విసుగొచ్చి సెంటర్‌గా దిగుదామనిపిస్తే కొత్త బిల్డ్, మళ్లీ 60. 2కే24లో అయితే ప్రత్యేక నైపుణ్యాలకి గుర్తుగా వచ్చే బ్యాడ్జీలు కొన్నాళ్లు వాడకపోతే కిందికి జారే ఏర్పాటు కూడా పెట్టారు. సంపాదించిన నైపుణ్యానికి అద్దె కట్టాలన్నమాట.

యాభై ఫ్రీ త్రోలు

షాట్ ఎలా పడుతుందో మీకు తెలుసు. బటన్ పట్టుకుని, ఆటగాడి చెయ్యి పైకి లేచాక సరైన క్షణంలో వదలాలి. క్షణం కుదిరితే ఆకుపచ్చ వెలుగు, బంతి బుట్టలో. ఇది బొటనవేలి విద్య. చేయగా చేయగా వస్తుంది, వచ్చాక పోదు. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. అయితే ఆ "సరైన క్షణం" ఎంత వెడల్పు ఉండాలో చెప్పేది రేటింగ్. త్రీ పాయింట్ రేటింగ్ తక్కువైతే ఆ సందు సూదిబెజ్జం. ఎక్కువైతే కిటికీ. అంటే ఒకే చేతివాటం ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే క్షణంలో బటన్ వదిలితే, ఒకడిది పడుతుంది, ఇంకొకడిది రింగుకి తగిలి ఎగిరిపోతుంది. తేడా వేలిలో లేదు, బిల్లులో ఉంది. మా వాడు అడిగిన ప్రశ్నకి నేను చెప్పాల్సిన జవాబు ఇదే అనుకుంటా. ధర రాసే ఉంది, నిజమే. ఆ ధర చెల్లించినవాడి ఎదురుగా నిలబడినవాడు ఏ రసీదు మీదా సంతకం పెట్టలేదు.

నేను చదువుకునే రోజుల్లో కాలేజీ జట్టులో పన్నెండోవాణ్ని. జట్టుకి పన్నెండు మందే కావాలి కాబట్టి ఉన్నాను. మా కోచ్ ఒక నియమం పెట్టారు. సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక ఒక్కొక్కరూ యాభై ఫ్రీ త్రోలు వేస్తేనే ఇంటికి. పదిహేనడుగుల దూరం, అడ్డుకునేవాడు లేడు, తొందర లేదు. అయినా మొదటి వారం యాభైలో పద్దెనిమిది పడితే గొప్ప. ఎంత విసుగో చెప్పలేను. చీకటి పడుతుంటే ఒక్కణ్నే బంతి వెంట పరిగెత్తి తెచ్చుకుని మళ్లీ గీత దగ్గర నిలబడటం. ఒకరోజు ఆయన నా పక్కన నిలబడి, నేను వేసినవి లెక్కపెట్టడం మానేసి, "నీ మోచెయ్యి బయటికి పోతోంది, చూసుకున్నావా?" అన్నారు. చూసుకోలేదు. తర్వాతి నెలకి ముప్పై పడేవి. మ్యాచ్‌లో నన్ను దింపింది తక్కువే గానీ, ఆ ముప్పై మాత్రం నావి.

ఇది రాస్తుంటే నన్ను నేనే ఒక ప్రశ్న అడగాల్సి వస్తోంది. అసలు బాస్కెట్‌బాల్‌లోనే ఇంత విసుగు ఉన్నప్పుడు, ఆటలో వంద మ్యాచ్‌లు ఆడమంటే ఏడుపు దేనికి? గ్రైండ్ అంటే, ఆటలో ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం అంటే, సాధనే కదా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం ఆపింది. గ్రైండ్ అంటే నాకు ఇష్టమే కూడా. వేరే ఆటల్లో గంటల కొద్దీ చేశాను, ఎవరూ బలవంతపెట్టలేదు. చివరికి నాకు దొరికిన తేడా చిన్నది. మా కోచ్ దగ్గర ఆ విసుగు తప్పించే టికెట్ అమ్మకానికి లేదు. ఉండి ఉంటే? ఐదు డాలర్లకి ఇరవై ఫ్రీ త్రోలు మాఫీ అని ఆయనే అమ్ముతూ ఉంటే? అప్పుడు యాభై అనే సంఖ్యని నేను నమ్మేవాణ్ని కాదు. నా మోచెయ్యి బాగుపడటానికి యాభై కావాలో, ఆయన టికెట్లు అమ్ముడుపోవడానికి కావాలో నాకు తెలిసే దారి లేదు. వీసీతో వచ్చిన అసలు జబ్బు ఈ అపనమ్మకం. ఒక మ్యాచ్‌కి ఇంతే వీసీ ఎందుకు, ఒక్క పాయింటు పెరగడానికి ఇన్ని వేలెందుకు అన్న ప్రతి ప్రశ్నకీ ఆట రుచి తెలిసిన రూపకర్త ఇచ్చే జవాబు ఒకటి ఉండొచ్చు, అమ్మకాల విభాగం ఇచ్చే జవాబు ఇంకొకటి ఉండొచ్చు. ఆడేవాడికి ఏది నిజమో ఎప్పటికీ తెలియదు.

2017 నవంబర్‌లో, 2కే మాతృసంస్థ టేక్-టూ అధిపతి స్ట్రాస్ జెల్నిక్ తమ కంపెనీ తెచ్చే ప్రతి ఆటలోనూ వినియోగదారులు మళ్లీ మళ్లీ ఖర్చుపెట్టే అవకాశాలు ఉండాలన్నది తమ లక్ష్యమని మదుపరులతో చెప్పారు. దాచిపెట్టింది ఏమీ లేదు. ఫోన్ ఆటల కంపెనీ జింగాని కొన్న తర్వాత టేక్-టూ రాబడిలో అలా మళ్లీ మళ్లీ వచ్చే డబ్బు వాటా నాలుగింట మూడొంతులు దాటింది. ఆ అంకె తెలిశాక మ్యాచ్‌కి వచ్చే వీసీ వైపు అమాయకంగా చూడటం కష్టం.

అసలు ఎన్‌బీఏలో కుదరనిది

నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించే సంగతి ఇది. ఎన్‌బీఏ వందల కోట్ల డాలర్ల వ్యాపారం. బూట్ల దగ్గర్నుంచి చొక్కా మీద అతుకు దాకా అమ్మనిది లేదు. అలాంటి లీగ్ కూడా గెలుపుని నేరుగా అమ్ముకోనివ్వకుండా గోడలు కట్టుకుంది. 1984-85 సీజన్‌లో ఒక్కో జట్టు జీతాలకి 36 లక్షల డాలర్లు అని పరిమితి పెట్టారు. 1985లో డ్రాఫ్ట్ లాటరీ మొదలైంది. ఓడిన జట్లకి కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశం ముందు వచ్చేలా చేస్తూనే, కావాలని ఓడేవాళ్లకి పూర్తి భరోసా లేకుండా చూడటం దాని ఉద్దేశం. 2023 ఒప్పందంలో పరిమితి మరీ మించిన జట్ల మీద "సెకండ్ ఏప్రన్" పేరుతో ఇంకా గట్టి ఆంక్షలు వచ్చాయి. డబ్బున్నా ఫలానా పని చేయడానికి వీల్లేదు అనేంత దూరం వెళ్లారు.

ఇదంతా ఆదర్శంతో చేశారని నేననను. యజమానులకి ఖర్చు తగ్గాలి, అది పెద్ద కారణం. పరిమితికి సవాలక్ష మినహాయింపులున్నాయి, లగ్జరీ ట్యాక్స్ కట్టి దాటే జట్లూ ఉన్నాయి. అయినా ఆ వ్యాపారులకి ఒక విషయం అర్థమైంది. ఎవరు గెలుస్తారో చెక్కుబుక్కు చెప్పేస్తే టికెట్ కొనేవాడు ఉండడు. ఆ లీగ్ పేరు, ఆ జెర్సీలు, ఆ కోర్టుల నునుపుదనం అన్నీ అచ్చుగుద్దినట్టు తెచ్చిన వీడియో గేమ్, ఈ ఒక్కదాన్ని మాత్రం గుమ్మం బయటే వదిలేసి వచ్చింది. 2కే24లో మైటీమ్‌లో శాలరీ క్యాప్ పేరుతో ఒక మోడ్ పెట్టినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఆశా కలిగింది. ఖరీదైన కార్డులన్నీ ఒకే జట్టులో కుక్కడానికి కుదరదు, ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవాలి. ఆలోచనకి పని ఉంటుంది. అంటే విరుగుడు ఏమిటో వాళ్లకి తెలియక కాదు.

ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లు కలిసి జట్లు కట్టి ఆడే కోర్టుల చోటు పార్క్. అక్కడ దీని ఫలితం ఎలా ఉంటుందో ఆడేవాళ్లందరికీ తెలుసు. 60 రేటింగ్ ఆటగాడు ఖాళీగా ఉన్న చోట నిలబడగానే పక్కన నిలబడ్డ ఇద్దరూ మెల్లగా జరిగిపోతారు. తిట్టరు, మాట్లాడరు, వెళ్లిపోతారంతే. వాళ్లనీ ఏమనలేం. ఓడిపోతే పోయేది వాళ్ల గెలుపుల లెక్క. ఒక పిల్లాడు వరసగా నాలుగు కోర్టుల్లో అలా ఒంటరిగా నిలబడ్డాడంటే, ఐదోసారి కొట్టు తలుపు తట్టడానికి వాడికి ఏ ప్రకటనా అవసరం లేదు. మా వాడి "ఇంకా కొనలేదా" వెనక ఈ అనుభవం ఉందని నాకు తర్వాత అర్థమైంది. "60తో పార్క్‌కి వెళ్తే నిన్నెవరూ ఆడించుకోరు మామయ్యా" అన్నాడు. నన్ను రక్షించడానికే అడిగాడన్నమాట.

నాణేల యంత్రం

ఇక్కడ పాతకాలం వాళ్లు ఒక మంచి ప్రశ్న వేస్తారు. ఆర్కేడ్ యంత్రాలు చేసిందేమిటి? 1993లో వచ్చిన ఎన్‌బీఏ జామ్‌ని ఇప్పటికీ అందరూ ముద్దుగా తలుచుకుంటారు. అది నాణేలు మింగుతూ బతికిన ఆట. నాణేలు అయిపోతే మ్యాచ్ మధ్యలోనే నిలబడిపోవాలి. పైగా ఆ యంత్రం నిజాయితీగా కూడా ఆడించేది కాదు. వెనకబడిన జట్టుకి చాటుగా సాయం చేసి మ్యాచ్‌ని చివరిదాకా ఉత్కంఠగా లాగేది, ఇంకో నాణెం పడాలని. దాన్ని తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. పిస్టన్స్‌తో హోరాహోరీగా సాగే మ్యాచ్‌లో చికాగో బుల్స్ వేసే ఆఖరి షాట్లు పడకుండా కోడ్ రాశానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. (ఇది విన్న రోజు నుంచి నా చిన్ననాటి ఓటములన్నీ బుల్స్‌తోనే జరిగాయని నమ్ముతున్నాను.)

కాబట్టి ఒకప్పుడు ఆట పవిత్రంగా ఉండేది, ఇప్పుడు డబ్బు పాడుచేసింది అనే కథ నేను చెప్పను. డబ్బు మొదట్నుంచీ ఉంది, ఆటని వంచుతూనే ఉంది. కానీ ఆ నాణెం కొన్నది కాలాన్ని. పక్కవాడి నాణేనికీ నా నాణేనికీ ఒకే విలువ. రెండు నాణేలు ఎక్కువ వేస్తే నా డంక్ ఇంకా ఎత్తుకి పోదు. యంత్రం ముందు నుంచి లేచి వెళ్లిపోతే అక్కడ నాదంటూ వదిలేసింది ఏమీ ఉండదు, రేపు రాకపోతే పోయేదీ ఉండదు. ఈ ఆఖరిది చిన్న తేడా కాదు. ఇప్పటి ఆటలో డబ్బు పెట్టినకొద్దీ లేచి వెళ్లడం కష్టమవుతుంది.

3+ గుర్తు మీద లాటరీ చక్రం

మైటీమ్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అందులో వాదించాల్సింది తక్కువ. 2019 ఆగస్టులో 2కే20 మైటీమ్ ట్రైలర్ వచ్చింది. తిరిగే చక్రం, స్లాట్ మెషీన్, మేకుల మధ్య నుంచి జారిపడే బంతి, చుట్టూ కేరింతలు. యూరప్‌లో ఆటలకి వయసు గుర్తులిచ్చే పెగీ సంస్థ ఆ ఆటకి ఇచ్చిన గుర్తు 3. మూడేళ్లు నిండినవాళ్లు ఎవరైనా ఆడొచ్చని. ఫిర్యాదులు వెళితే, అది జూదంలా కనబడుతోంది గానీ తమ నిబంధనల ప్రకారం జూదం నేర్పడం కిందికి రాదన్నట్టు వాళ్ల వివరణ. 2020లో అట్టల మీద డబ్బుతో కొనే యాదృచ్ఛిక వస్తువులున్నాయని ఒక వాక్యం చేర్చడం మొదలైంది. లోపల ఏముందో తెలియకుండా కొనే ఇలాంటి ప్యాక్‌లు, లూట్ బాక్సులు, జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చింది. అక్కడ డబ్బుతో ప్యాక్‌లు కొనే దారి మూసేస్తూ 2కే తన ఆటగాళ్లకి ఒక సలహా ఇచ్చింది: మాతో ఏకీభవిస్తే మీ ప్రజాప్రతినిధికి మీ అభిప్రాయం చెప్పండి అని. ప్యాక్‌లు కొననివ్వండి మహాప్రభో అని అర్జీ పెట్టుకునే అభిమానిని ఊహించుకుంటే నాకిప్పటికీ నవ్వాగదు.

నవ్వుతున్నాను గానీ ఈ విషయంలో నాకు నీతులు చెప్పే అర్హత లేదు. కొన్నేళ్ల కిందట ఫోన్‌లో ఒక క్రీడల ఆట, పేరు ఇక్కడ అనవసరం, ఆడేవాణ్ని. ఒక రాత్రి ఒక ఆటగాడి కార్డు కోసం ప్యాక్ తెరిచాను. రాలేదు. ఇంకోటి తెరిచాను. పదకొండో ప్యాక్ దగ్గర నా బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, ఈ లావాదేవీలు మీరే చేస్తున్నారా అని. అవునని నొక్కాను. ఎందుకో ఆ "అవును" నొక్కడం దగ్గర సిగ్గేసింది, అంతకుముందు పదకొండుసార్లు వెయ్యని సిగ్గు. కార్డు పద్నాలుగో ప్యాక్‌లో వచ్చింది. తెల్లారి దాంతో రెండు మ్యాచ్‌లు ఆడాను. తర్వాతి వారం అదే ఆటగాడిది ఇంకా మెరుగైన కార్డు విడుదలైంది. నేను ఆట తీసేశాను. అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఉద్యోగం ఉంది, నా డబ్బు. పదహారేళ్ల వాడికి "నీకు తెలివి ఉండాలి" అని చెప్పడానికి నాకు నోరు రాకపోవడానికి కారణం ఇదే.

బాగుందనేదే చిక్కు

"ఇష్టం లేకపోతే మానెయ్" అనేవాళ్లకి చెప్పడానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నాకు ఇష్టమే. అదే చిక్కు. ఆటగాళ్లు కోర్టు మీద కదిలే తీరు, ఒక్కొక్కరి షాట్‌లోని సొంత ముద్ర, స్టెఫెన్ కర్రీ బంతి వదిలే తొందర, ఇవన్నీ ప్రేమ ఉన్నవాళ్లు చేసిన పని. 2కే23లో పెట్టిన మైఎన్‌బీఏ ఎరాస్ చూడండి. 1983, 1991, 2002 కాలాల్లోకి వెళ్లి అక్కణ్నుంచి లీగ్‌ని నడపొచ్చు. ఆనాటి నిబంధనలతో సహా. దానికి వీసీతో పనే లేదు. డబ్బు రాని మోడ్‌ని కంపెనీ పట్టించుకోదు అని నేను అంతకుముందు చాలాసార్లు అన్నాను. ఎరాస్ వచ్చాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు కూడా తీసుకుంటున్నాను. ఆ భవనంలో ఆట కోసం ఆటని చేసేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఏ అంతస్తులో కూర్చుంటారో, గల్లాపెట్టె ఏ అంతస్తులో ఉందో నాకు తెలియదు.

అయితే "మానెయ్" అన్న సలహాకి పక్కన ఇంకో దుకాణం ఉండాలి. పోటీ కంపెనీ ఈఏ వాళ్ల ఎన్‌బీఏ ఎలైట్ 11 విడుదల కాకుండానే రద్దయింది. లైవ్ 14తో మళ్లీ లేవబోయి తడబడ్డారు. ఎన్‌బీఏ లైవ్ 19 తర్వాత కన్సోల్ మీద ఆ వరస ఆగిపోయింది. అప్పట్నుంచీ ఎన్‌బీఏ జెర్సీలతో సీరియస్‌గా బాస్కెట్‌బాల్ ఆడాలంటే ఉన్నది ఇదొక్కటే. లైసెన్సుకి అయ్యే ఖర్చు తక్కువేం కాదు. 2019లో లీగ్‌తో, ఆటగాళ్ల సంఘంతో ఏడేళ్లకి కుదిరిన ఒప్పందం విలువ 110 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని వార్తలొచ్చాయి. ఆ డబ్బు ఎక్కణ్నుంచో రావాలి, ఒప్పుకుంటాను. ఆట ధరే 90 డాలర్లు చేసి కొట్టు మూసేస్తే కొంటావా అని నన్నెవరైనా అడిగితే కొంటాననే అంటాను. నాలా అనేవాళ్లు ఎంతమంది ఉంటారో మాత్రం అనుమానమే. కోపం చూపించడంలో జనం వెనకాడరు, 2023లో పీసీ ఆటలు అమ్మే స్టీమ్ మీద 2కే24 అన్నిటికన్నా చెత్త రేటింగులున్న ఆటల సరసన చేరింది. అందులో సగం కోపం పీసీ వాళ్లకి పాత తరం వెర్షన్ అంటగట్టినందుకు. మిగతా సగం మన సంగతి. ఆ కోపం వచ్చిన ఏడాదికి 2కే25 వచ్చింది, మా వాడు కొన్నాడు, నేనూ కొన్నాను. ఈ వాక్యం నన్ను కూడా ఇరికిస్తుందని తెలిసే రాస్తున్నాను.

నేను కోరేది పెద్ద మార్పు కూడా కాదు. పర్సులు రెండు చెయ్యండి. చొక్కాలు, జుట్టు, స్కేట్‌బోర్డులు డబ్బుకి అమ్ముకోండి, రెట్టింపు ధరకి అమ్ముకోండి. షూటింగ్ మాత్రం కోర్టు మీదే రానివ్వండి. వందో మ్యాచ్‌లో వచ్చినా సరే, యాభయ్యో మ్యాచ్‌లో వచ్చినా సరే. ఆ సంఖ్య వెనక టికెట్ అమ్మేవాడు లేడని తెలిస్తే చాలు, వంద మ్యాచ్‌లు నేను సంతోషంగా ఆడతాను.

ఆ డిసెంబర్‌లో మా వాడు మా ఇంటికొచ్చాడు. 2కే23 సర్వర్లు 2024 డిసెంబర్ 31తో ఆపేస్తున్నారు. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఆట, రెండేళ్ల మూడు నెలలకి ఆన్‌లైన్ సేవలు ముగుస్తున్నాయి. వీసీ ఒక ఆట నుంచి తర్వాతి ఏడాది ఆటకి రాదు. వాడి పాత పర్సులో పద్నాలుగు వేలు మిగిలి ఉన్నాయట. ఇంకో ఐదు రోజులే ఉంది. కంట్రోలర్ పట్టుకుని చాలాసేపు ఆ కొట్లన్నీ తిరిగాడు. రేటింగ్ పెంచితే ఏం లాభం అన్నాడు, పార్క్‌లో ఎవరూ లేరు. చివరికి ఒక పొడుగాటి కోటు, ఎర్ర బూట్లు కొని తన ఆటగాడికి తొడిగి, ఖాళీ కోర్టు మధ్యలో నిలబెట్టాడు.

"ఎవరు చూస్తార్రా ఇప్పుడు?" అన్నాను.

"నేను చూస్తా కదా మామయ్యా. ఐదు రోజులు."